ఆ చివరి కూత గురించి రెండు వాక్యాలు

మా కాలేజీ మైదానంలో కబడ్డీ పోటీలకు గీతలు గీస్తున్నారు. తడిపిన నేల మీద సున్నప్పొడి పడితే ఒక వేడి వాసన లేస్తుంది, గొంతులో గరగరలాడేలా. గ్రంథాలయం కిటికీ తెరిచి ఉండడంతో అది నా బల్ల దాకా వచ్చింది. చేతిలోని పుస్తకానికి నంబరు వేయడం ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను. మునిరత్నం సార్ పోయి ఏడాది దాటింది. ఆయన గురించి రాయాలని చాలాసార్లు అనుకున్నాను, ఏమని రాయాలో తేలక మానుకున్నాను. ఇప్పుడు తేలిందని కాదు. తేలకపోయినా రాయవచ్చేమో అనిపించింది, అంతే.

పూతలపట్టు ఉన్నత పాఠశాలలో ఆయన మా వ్యాయామ ఉపాధ్యాయుడు. సన్నటి మనిషి. ఈలను మెడలో వేలాడదీసుకోకుండా చొక్కా జేబులో పెట్టుకునేవారు. నాకు చిన్నప్పటినుంచి ఆయాసం. ఆటల పీరియడ్‌లో గోడ నీడన కూర్చుని మిగతావాళ్ళ చెప్పులకు కాపలా కాయడం నా పని. ఎనిమిదో తరగతిలో ఒకరోజు ఆయన నా ఒళ్ళో ఒక పొడుగాటి నోటుపుస్తకం పడేసి, "పాపా, నీ చేతిరాత బాగుండాది. ఈ పొద్దు నుంచి స్కోరు నువ్వే రాయాల" అన్నారు. ఎవరు కూతకు వెళ్ళారు, ఎవరిని తాకారు, ఎవరు పట్టుబడ్డారు, ఏ జట్టుకు ఎన్ని పాయింట్లు, అన్నీ గళ్ళలో రాయాలి. పరుగెత్తకుండానే మైదానంలో నాకొక చోటు దొరికింది. ఆ సంతోషం ఎంతటిదో, ఎప్పుడూ గోడ నీడన కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఆ మరుసటేడు పక్క మండలం బడితో పోటీ జరిగింది. ఆట ముగిసే సమయానికి మావాళ్ళు ఒక పాయింటుతో గెలిచారు. అందరూ ఎగురుతున్నారు. సార్ నా దగ్గరికొచ్చి పుస్తకం తీసుకుని, వేలితో గళ్ళు దిగుతూ ఒకచోట ఆగారు.

"ఇది రెఫరీ ఇచ్చినాడా?"

ఇవ్వలేదు. మా తరగతి అమ్మాయి ఒకతె ఎదుటి పిల్లను తాకినట్టే నాకు కనిపించింది. రెఫరీ చెయ్యి ఎత్తకపోయినా నేను రాసేశాను. కావాలని రాశానా, నిజంగా ఎత్తాడనుకుని రాశానా అంటే, ఆరోజే చెప్పలేకపోయాను. ఇప్పుడేం చెబుతాను.

"మనోళ్ళే గదా సార్" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"మనోళ్ళే. కాదన్నానా?" అని ఆయన పుస్తకం పట్టుకుని నేరుగా అవతలి బడి మాస్టారు దగ్గరికి వెళ్ళారు. సమం అయిన ఆటను మరో అయిదు నిమిషాలు ఆడించారు. మేం ఓడిపోయాం. వారం రోజులు మా తరగతిలో నాతో ఎవరూ మాట్లాడలేదు. సార్ మాత్రం మరుసటి రోజు ఏమీ జరగనట్టే మళ్ళీ ఆ పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. తప్పు చేసినదాని చేతికే మళ్ళీ ఎందుకిచ్చారో నాకు అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ చాలలేదు.

ఆయనకు నగరికి బదిలీ అయింది. నేను చదువు ముగించి తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో గ్రంథపాలకురాలినయ్యాను. చాలా ఏళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం బైండు చేసిన పాత పేపర్లు అడుగుతూ ఒక పెద్దాయన వచ్చారు. తల పైకెత్తి చూస్తే సార్. పదవీ విరమణ తర్వాత తిరుపతిలోనే, కొర్లగుంటలో ఉంటున్నారట. పాత పేపర్లు ఎందుకంటే, అంతర్జాలంలో అందరూ కలిసి రాసే తెలుగు విజ్ఞాన సర్వస్వంలో వ్యాసాలు రాస్తున్నానన్నారు. ఆ సర్వస్వంలో ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. ఎవరు, ఏ నిమిషంలో, ఏ అక్షరం మార్చారో పేజీ చరిత్రలో ఉండిపోతుంది. తగాదా వస్తే ప్రతి వ్యాసం వెనకా ఒక చర్చాపేజీ ఉంటుంది. నెల తిరక్కుండానే ఆయన నాకూ ఒక ఖాతా తెరిపించారు.

ఆయన రాసేదంతా ఆటల గురించే. ఒకరోజు పురుషుల జట్టు పేజీ, మహిళల జట్టు పేజీ రెండూ పక్కపక్కన తెరిచి నా కంప్యూటరు ముందు కూర్చున్నారు. "సూడు పాపా. మగోళ్ళు ఓడిపోయిన ఆటకు ఇంత పేజీ. ఆడోళ్ళు గెలిచిన దానికి మూడు లైన్లు. ఆ మూడింట్లో ఒకటి, వాళ్ళకు సన్మానం చేసిన మంత్రి పేరు!" అని తల కొట్టుకున్నారు. ఆ మూడు లైన్లను ఆరు పేరాలు చేయడానికి మా గ్రంథాలయంలో ఇరవై రోజులు పేపర్లు తిరగేశారు. అదే చేత్తో, ఇంకెవరో రాసిన "సింహంలా విజృంభించి", "దేశం గర్వించేలా" లాంటి మాటలు కనబడితే కొట్టేసేవారు. ఒక పక్క మన ఆడపిల్లల గెలుపు చిన్నదైపోయిందని బాధపడే మనిషి, మరో పక్క అదే గెలుపును పొగిడే మాటలు ఎందుకు తీసేస్తారో నాకు అంతుపట్టేది కాదు. అడిగితే, "ఏం జరిగిందో రాస్తే చాలదా? ఆ పొగడ్త లేకపోతే గెలుపు తగ్గిపోతుందా?" అనేవారు. తగ్గినట్టే ఉండేది నాకు.

నగరిలో ఆయన తయారుచేసిన పిల్ల కస్తూరి. మరమగ్గాల పని చేసే ఇంటి బిడ్డ. రాష్ట్ర జట్టుకు, ఆపైన దేశం జట్టుకు ఎంపికైంది. తిరుపతి వచ్చినప్పుడల్లా సార్ ఇంట్లో దిగేది, నన్ను అక్కా అనేది. విదేశంలో జరిగిన ఒక పెద్ద పోటీలో మన అమ్మాయిలు ఫైనల్‌కు చేరారు. ఎదుటి దేశం పేరు ఇక్కడ రాయను. రాస్తే తగాదా మళ్ళీ మొదలవుతుంది. ఆ మధ్యాహ్నం నేను, సార్, ఆయన భార్య సరస్వతమ్మగారు టీవీ ముందు కూర్చున్నాం. చివరి నిమిషంలో స్కోరు సమం. ఆఖరి కూతకు కస్తూరి వెళ్ళింది. ఎడమ మూల నిలబడ్డ అమ్మాయి వైపు కాలు చాపింది, వెనక్కి దూకి మధ్య గీత దాటింది. అదే క్షణంలో కెమెరాకు అడ్డంగా ఇంకొక అమ్మాయి వీపు వచ్చింది. తాకిందో లేదో ఎవరికీ కనబడలేదు.

"తాకింది! తాకిందిరా!" అని సార్ కుర్చీలోంచి లేచి అరిచారు. కళ్ళలో నీళ్ళు. రెఫరీ మనకు పాయింటు ఇచ్చాడు. అవతలివాళ్ళు తాకలేదంటూ కోర్టులోనే బైఠాయించారు, రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారు. దాన్ని తోసిపుచ్చి మనల్ని విజేతలుగా ప్రకటించారు. సరస్వతమ్మగారు పంచదార తెచ్చి అందరి నోట్లో పోశారు. నేను టీ తాగి అయిదు దాటాక ఇంటికి వచ్చేశాను.

మర్నాడు ఆ పోటీ వ్యాసం తెరిస్తే చివర రెండు వాక్యాలున్నాయి. "ఆఖరి కూతలో కస్తూరి తమ క్రీడాకారిణిని తాకలేదని ప్రత్యర్థి జట్టు అభ్యంతరం తెలిపింది. నిర్వాహకులు ఆ అభ్యంతరాన్ని తిరస్కరించారు." కింద ఒక విదేశీ వార్తాసంస్థ కథనం ఆధారంగా చూపి ఉంది. రాసింది సార్. నాకు ఒళ్ళు మండింది. ఫోను చేశాను.

"మీరే గదా సార్ నిన్న తాకింది తాకింది అని అరిచినారు?"

"అరిచినాను. నా అరుపు ఆధారం కాదు గదమ్మా."

"మన పేపర్లు ఒక్కటీ రాయలేదు ఈ సంగతి. మనకెందుకు?"

"మన పేపర్లు రాయకపోతే జరగలేదని కాదు. వాళ్ళు గలాటా చేసినారు, ఈళ్ళు కుదరదన్నారు. రెండూ రాసినాను. ఒకటే రాసుంటే తిట్టు."

నేను ఆ రెండు వాక్యాలూ తీసేశాను. కారణం రాసే చోట "అనవసరం" అని రాశాను. ఆయన వాటిని తిరిగి పెట్టలేదు. చర్చాపేజీలో మాత్రం ఇలా రాశారు: "ఈ క్రీడాకారిణి నా శిష్యురాలు. ఈ మాట ముందే చెప్పి ఉండవలసింది, చెప్పకపోవడం నా తప్పు. ఇకపై ఈ వ్యాసంలో చేయి పెట్టను. ఆ వాక్యాలు ఉండాలా వద్దా మీరందరూ తేల్చండి."

ఇక మొదలైంది. ఎవరెవరో వచ్చారు. మన దేశం గెలిచిన ఆటలో ఓడినవాళ్ళ ఏడుపు ఎందుకని ఒకరు. వాళ్ళ భాషలోని పేజీలో మన అమ్మాయి పేరైనా లేదు, ముందు అది రాయమనండి అని ఇంకొకరు. శిష్యురాలు పైకి రావడం ఓర్వలేని గురువని మరొకరు. దేశద్రోహి అన్న మాట కూడా పడింది. ఆయన ఎవరికీ కోపంగా జవాబివ్వలేదు. ఒకే ఒక్కసారి, "చూసినవాళ్ళ మాట గానీ, ఆడినవాళ్ళు చెప్పుకున్న మాట గానీ మనకు ఆధారం కాదు. అచ్చయినది మాత్రమే చూడండి" అని రాశారు. వారం తర్వాత ఆ సర్వస్వం నిర్వాహకుల్లో ఒకరు ఆ వాక్యాలను తిరిగి చేర్చి చర్చ ముగించారు.

నేను చేసిన ఇంకో పని ఇక్కడ చెప్పాలి. చర్చ మొదలైన రోజే, కోపంలో, పేజీ చరిత్రలోని ఆ రెండు వాక్యాలనూ వాటి పక్కన సార్ పేరునూ ఫోటో తీసి కస్తూరికి పంపాను. "చూడు, మీ సార్ ఏం రాసినారో" అని. ఆమె చూసినట్టు ఫోనులో గుర్తు పడింది, జవాబు రాలేదు. ఎందుకు పంపానంటే చెప్పలేను. ఆమె ఆయన్ని అడిగితే ఆయన మనసు మార్చుకుంటారనుకున్నానేమో. ఆయన్ని నొప్పించాలనే అనుకున్నానేమో.

ఆ తర్వాత నగరిలో కస్తూరికి ఊరేగింపు. సార్, నేను బస్సులో వెళ్ళాం. ఆయన చేతిలో అరటాకులో చుట్టిన కనకాంబరాల దండ. బస్టాండు దగ్గర జనంలో నిలబడ్డాం. పలక డప్పులు మోగుతున్నాయి. పూలతో కప్పిన జీపులో కస్తూరి నిలబడి వస్తోంది. మా వైపు తిరిగింది. సార్ చెయ్యి ఎత్తారు. ఆమె చూపు మా మీదుగా వెళ్ళి అవతలి మేడ మీద జనం దగ్గర ఆగింది. జీపు వెళ్ళిపోయింది. ఆయన దండ విప్పి, పక్కనే నిలబడ్డ ఒక ముసలమ్మ చేతిలో పెట్టారు. తిరుగు బస్సు ఎక్కి పుత్తూరు దాటాం. తర్వాత, "ఎండ కండ్లల్లో పడిండాది పాపా, ఆ బిడ్డకు కనబడలే" అన్నారు. ఆ ఫోటో పంపింది నేనని అప్పుడే చెప్పాల్సింది. చెబుదామని నోరు తెరిచాను కూడా. కండక్టరు వచ్చాడు. కండక్టరు వెళ్ళాక కూడా చెప్పలేదు.

మూడు నెలలకు, ఒక ఉదయం కాఫీ తాగుతూ ఛాతీలో నొప్పి అన్నారట. ఆసుపత్రికి చేరేలోపే పోయారు. కస్తూరి ఆటల శిబిరంలో ఉందన్నారు, రాలేదు.

రెండు నెలలు గడిచాక సరస్వతమ్మగారు నన్ను పిలిచి ఒక కవరిచ్చారు. అందులో కస్తూరి బడిలో ఆడిన రోజుల స్కోరు కాగితాలు. "ఆ పాప శిబిరం నుంచి వచ్చిండాదంట. ఇవి ఇచ్చిరామ్మా. మీ సార్ పారెయ్యనీకుండా దాసుకున్నాడు" అన్నారు. తీసుకుని నగరి వెళ్ళాను. ఇంటి చుట్టూ మరమగ్గాల చప్పుడు, ఒకరి మాట ఒకరికి వినపడదు. కస్తూరి నన్ను మేడ మీదికి తీసుకెళ్ళింది. కాగితాలు ఒక్కొక్కటే చూసి మళ్ళీ కవర్లో పెట్టింది. అంతలో కరెంటు పోయి మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి.

"ఆయన నన్ను అట్ట సేసుండకూడదక్కా" అంది.

"పేపర్లో వచ్చిందే రాసినారు" అన్నాను. ఇన్నాళ్ళకు నేను ఆయన పక్షం మాట్లాడుతున్నాను.

"పేపరు సంగతి కాదు. ఆ పొద్దు ఆట అయినాక నేనే సార్‌కు ఫోన్ సేసినా. ఎవురికీ సెప్పలే, మా నాయనకు కూడా సెప్పలే. ఆయనొకరికే సెప్పినా."

"ఏమని?"

ఆమె కాళ్ళ వైపు చూసుకుంది. "తాకిందో లేదో నాకే తెలీదని. కాలు సాపినా. ఏదో తగిలినట్టుండె. దాని బూటో, గాలో. రెఫరీ సెయ్యెత్తినాడు, అందరూ నా మీద పడినారు. అంతే తెలుసు. సార్‌ను నమ్మి ఈ మాట సెప్తే ఆయన పోయి లోకమంతా సూసేటట్టు రాసిపెట్టినాడు."

ఆయన ఎన్నింటికి రాశారో చూద్దామని నేను ఫోను తీసి ఆ వ్యాసం పేజీ చరిత్ర తెరిచాను. సార్ ఆ రెండు వాక్యాలూ చేర్చిన సమయం పన్నెండు గంటల పది నిమిషాలని ఉంది. ఆ సర్వస్వంలో గడియారం మన కాలం చూపదు, దానికి అయిదున్నర గంటలు కలపాలి. అంటే మన సాయంత్రం అయిదూ నలభై. "నువ్వు ఫోను చేసిందెన్నింటికి?" అన్నాను. ఆమెకు గుర్తులేదు. కానీ సార్‌తో నడిపిన సందేశాలు ఆమె ఫోనులో అలాగే ఉన్నాయి. వెనక్కి జరుపుకుంటూ వెళ్ళి ఆరోజు దగ్గర ఆగింది. ఆమె కాల్ పక్కన సాయంత్రం ఏడూ యాభై రెండు అని ఉంది.

రెండు ఫోనులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "నేను సెప్పకముందే రాసినాడా?" అంది. మళ్ళీ వేళ్ళ మీద లెక్కేసుకుంది. "నేను సెప్పినాక... ఏం రాయలేదా అక్కా?"

"నువ్వు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం రాయలేదు."

"అంతమంది తిట్టినప్పుడు కూడా?"

"అప్పుడు కూడా."

ఆమె ఏడవలేదు. మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. ఫోటో పంపింది నేను కదా, దానికి క్షమించమన్నాను. "నువ్వు పంపకపోతే ఇంకెవురో పంపుదురు" అంది. ఆ మాట నన్ను క్షమించి అన్నదో, ఊరికే అన్నదో తెలియలేదు. కరెంటు వచ్చి మగ్గాలు మొదలవడంతో ఇద్దరం కిందికి దిగాం. వారం లోపలే ఆమె కొర్లగుంటకు వచ్చి సరస్వతమ్మగారి దగ్గర రెండు రోజులుండి వెళ్ళింది.

ఆ తర్వాత నాకు నెమ్మది ఉండాలి కదా. ఉండలేదు. కొత్త చిక్కు పట్టుకుంది. "ఆడినవాళ్ళు చెప్పుకున్న మాట ఆధారం కాదు" అని చర్చాపేజీలో రాసినప్పుడు కస్తూరి చెప్పింది ఆయనకు తెలుసు. ఆ మాట నియమం కోసమే రాశారా, ఆ పిల్లను కాపాడడానికి రాశారా? నా గళ్ళలో ఒక్క తప్పు పాయింటును ఉండనివ్వని మనిషి, ఇంత పెద్ద మాటను తన దగ్గరే ఎలా ఉంచుకున్నారు? న్యాయంగా నడుచుకున్నారా, ప్రేమగా నడుచుకున్నారా, ఆ రెండూ ఆయనకు వేరువేరుగా ఉండేవా? ఒకరోజు ఒక జవాబు సరైనదనిపిస్తుంది, ఇంకొకరోజు మరొకటి.

ఈ మధ్యే ఆ సర్వస్వంలో ఆయన పేరు మీద ఉన్న వాడుకరి పేజీలో ఒక సందేశం కనబడింది. ఎదుటి దేశం మనిషిది, యంత్రంతో అనువాదం చేసుకున్న ఇంగ్లీషులో. చాలాకాలంగా మీరు కనబడడం లేదు, ఆరోగ్యం బాగుందా అని. ఎవరో తెలియక సార్ చేసిన దిద్దుబాట్ల జాబితా మొత్తం తిరగేశాను. మన చర్చాపేజీలో ఆయన్ని ద్రోహి అంటున్న ఆ వారంలోనే సార్ వాళ్ళ భాషలోని పేజీకి వెళ్ళారు. ఆ ఆఖరి కూతకు ముందు కస్తూరి తెచ్చిన పాయింట్లను కూడా రాయమని చర్చలో మర్యాదగా అడిగారు. ఆ మనిషి తన దేశస్థులతో నెల రోజులు వాదించి వాటిని చేర్చాడు. అతన్నీ అక్కడివాళ్ళు ద్రోహి అన్నారట. ఈ సంగతి సార్ నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

సార్ పోయారని అతనికి రాశాను. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. విచారం తెలిపి, చివర ఒక మాట రాశాడు. "ఎడమ మూల నిలబడ్డ మా క్రీడాకారిణిని నేను ఒకసారి కలిసి అడిగాను. మీ అమ్మాయి కాలు తనకు తగిలిందో లేదో తనకూ తెలియదంది. దీన్ని ఎక్కడా రాయలేను కనుక మీకు చెబుతున్నాను."

ఇదంతా రాసేముందు కస్తూరిని అడిగాను. "రాయక్కా. సార్ ఉంటే వద్దనేవాడో ఏమో, నువ్వు మాత్రం రాయి" అంది. రాశాను గానీ, ఇప్పుడు ఇంకో భయం పట్టుకుంది. ఇది అచ్చయితే ఆధారమవుతుంది. రేపు ఎవరైనా ఈ పేజీని చూపించి, తాకిందో లేదో తనకే తెలియదని క్రీడాకారిణి చెప్పిందంటూ ఆ వ్యాసంలో మూడో వాక్యం చేర్చవచ్చు. ఇంకెవరో వచ్చి కొట్టేయవచ్చు. ఉంచడం న్యాయమో, తీసేయడం న్యాయమో ఎంత ఆలోచించినా నాకు తెలియడం లేదు. నేను చేయబోయేది మాత్రం తెలుసు. చర్చాపేజీలోకి వెళ్ళి, ఈ క్రీడాకారిణి నాకు కావలసిన మనిషి, ఈ వ్యాసంలో నేను చేయి పెట్టను అని నా పేరుతో రాసి, మిగతావాళ్ళు ఏం తేలుస్తారో చూస్తూ కూర్చుంటాను.